ఇంటి ధర, బడి హద్దు

డల్లాస్ నగరంలో ఉద్యోగం చేస్తున్న మా మేనత్త కొడుకు ఈ మధ్య అక్కడి శివార్లలో ఇల్లు కొనే ప్రయత్నంలో పడ్డాడు. ఏ పేట మంచిదో తేల్చుకోవటానికి ఒక పట్టిక తయారు చేసి, నా అభిప్రాయం అడుగుతూ పంపాడు. వరుసకొక పేట పేరు వుంది. పేరు పక్కన మూడు గళ్లు: ఇంటి ధర, ఏటేటా కట్టవలసిన ఆస్తిపన్ను, ఆ ఇంటి పిల్లలకు దక్కే బడికి పదిలో ఎన్ని మార్కులు. పట్టిక అడుగున ఒక హెచ్చరిక కూడా రాసుకున్నాడు. ఫ్రిస్కో అనే ఒకే ఊరి పేరు మీద వున్న ఇళ్లలో ఎక్కువ భాగం ఫ్రిస్కో బడి జిల్లాలోకి వస్తే, కొన్ని ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ బడి జిల్లాల్లోకి వస్తాయట. ఊరు ఒకటే అయినా బడి వేరు. అందుచేత ఊరి పేరు చూసి మోసపోరాదు, హద్దు ఎటు పోయిందో చూసుకోవాలి.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఇళ్ల బేరంలో నా సలహా ఎవరికీ అక్కరకు రాదు. అయినా ఆ పట్టిక నన్ను ఆలోచనలో పడేసింది. దానికి కారణం వుంది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఉమ్మడి పాఠశాల పద్ధతినీ, పొరుగుబడినీ సిఫారసు చేసిన నాటి నుంచీ ఈ దేశపు అభ్యుదయవాదులు ఆ కోరికను వదలలేదు. పేటలోని పిల్లలందరూ, ధనికుడి కొడుకూ కూలివాడి కూతురూ, ఆ పేట బడిలోనే చదవాలన్నది మన నినాదం. మంచి నినాదమే. కాని ప్రభుత్వ ఖర్చుతో నడిచే పొరుగుబడి అమెరికా శివార్లలో ఎంతోకాలంగా వున్నది. మనం కోరే వస్తువు అక్కడ వుండగా, దాని మీద పదికి ఇన్ని మార్కులని చీటీ ఎలా అతికింది? ఫీజు లేని బడికి ఇంటి బేరంలో ధర ఎలా కట్టారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను ఒక పాత నాటకాన్ని మళ్లీ చదివాను. నా మేనబావ పట్టికను అర్థం చేసుకోవటానికి అది గణాంకాల కంటె ఎక్కువగా ఉపకరించింది.

లొరెయిన్ హాన్స్‌బెరీ రాసిన ‘ఎ రెయిజిన్ ఇన్ ది సన్’ 1959 మార్చిలో న్యూయార్కు బ్రాడ్వే రంగస్థలం మీద ప్రదర్శితమయింది. అక్కడ ప్రదర్శనకు నోచుకున్న తొలి నల్లజాతి రచయిత్రి నాటకం అదే. చికాగో దక్షిణ భాగంలో ఇరుకు వాటాలో కాపురముండే యంగర్ కుటుంబం కథ అది. కొడుకు వాల్టర్ ఒక ధనికుడి కారు తోలుతాడు. అతని భార్య రూత్ ఇతరుల ఇళ్లలో పని చేస్తుంది. చెల్లెలు బెనీతా డాక్టరు చదువు చదవాలనుకుంటుంది. మనుమడు ట్రావిస్ పడుకోవటానికి గది లేక ముందు గదిలోని సోఫా మీద నిద్రపోతాడు. తండ్రి చనిపోయినందుకు పదివేల డాలర్ల బీమా సొమ్ము వస్తుంది. తల్లి లీనా అందులో మూడువేల అయిదు వందలు బయానాగా కట్టి, తెల్లవాళ్లు మాత్రమే నివసించే క్లైబోర్న్ పార్కు అనే పేటలో ఇల్లు కొంటుంది. మిగిలిన ఆరువేల అయిదు వందలూ కొడుకు చేతికిచ్చి, అందులో మూడువేలు చెల్లెలి చదువుకు బ్యాంకులో వెయ్యమంటుంది. కొడుకు మొత్తం సొమ్మును సారాయి దుకాణం వ్యాపారంలో పెట్టగా, భాగస్తుడు దానితో ఉడాయిస్తాడు. ఈలోగా క్లైబోర్న్ పార్కు నివాసుల సంఘం తరఫున లిండ్నర్ అనే పెద్దమనిషి వచ్చి, మీరు మా పేటకు రావద్దు, మీ ఇల్లు మేమే లాభం ఇచ్చి కొనుక్కుంటామని బేరం పెడతాడు. చివరికి వాల్టర్ ఆ బేరాన్ని తిరస్కరిస్తాడు. కుటుంబం కొత్త ఇంటికి బయలుదేరుతుండగా తెర పడుతుంది.

ఈ నాటకాన్ని సాధారణంగా రెండు విధాలుగా చదువుతారు. ఇది జాత్యహంకారం మీద మానవ గౌరవం సాధించిన విజయమని ఉదారవాదులంటారు. వామపక్షంలోని కొందరు దీన్ని మధ్యతరగతి ఆశల నాటకమని చప్పరించారు. అలా అన్నవారిలో అమీరీ బరాకా వంటి కవి కూడా వున్నాడు. పాతికేళ్లు దాటిన తర్వాత తన అంచనా తప్పని ఆయనే ఒప్పుకున్నాడు. తన తీర్పును తానే దిద్దుకోగలగటం విమర్శకుడికి వన్నె తెస్తుంది. అయితే ఈ రెండు వ్యాఖ్యానాలూ నాటకంలో అడుగడుగునా వినిపించే ఒక విషయాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ విషయం ధర.

లీనా క్లైబోర్న్ పార్కును ఎందుకు ఎంచుకున్నది? తెల్లవాళ్ల పక్కన వుండాలనే మోజుతో కాదు. నల్లవాళ్ల కోసమని దూరాన కట్టిన ఇళ్లు రెట్టింపు ధర పలుకుతున్నాయి. తన కుటుంబానికి అతి తక్కువ డబ్బులో దొరికిన మంచి ఇల్లు ఇదే. ఆమె చెప్పిన కారణం ఇంతే. ఈ ఒక్క మాటలో రచయిత్రి ఒక పెద్ద ఆర్థిక సత్యాన్ని ఇమిడ్చింది. నల్లవాళ్లను కొన్ని వీధులకే పరిమితం చేస్తే ఆ వీధుల్లో ఇళ్లకు కరువు వస్తుంది, కరువు నుంచి అధిక ధర పుడుతుంది. పేదవాడే ఎక్కువ చెల్లిస్తాడు. వెలివేతకు అయ్యే ఖర్చు వెలివేయబడినవాడి నుంచే వసూలవుతుంది.

ఇక లిండ్నర్ సంగతి. అతడు ముఠానాయకుడిగానో కసాయివాడిగానో రంగస్థలం మీదికి రాడు. మర్యాదస్తుడు, కొంత బిడియస్తుడు. తమ పేటవాళ్లు ధనికులు కారనీ, కష్టపడి సంపాదించుకున్న చిన్న ఇళ్లు తప్ప వాళ్లకు వేరే ఏమీ లేదనీ చెబుతాడు. అతని మాటల్లో కపటం వుంది గాని ఈ విషయంలో అబద్ధం లేదు. శ్రమజీవికి వున్న ఏకైక ఆస్తి అతని ఇల్లయినప్పుడు, దాని ధరను కాపాడే ప్రతి గీతకూ అతడు కాపలాదారవుతాడు. తన వంటి శ్రమజీవే గీతకు అవతల నిలబడి వుంటే అతన్ని శత్రువుగా చూస్తాడు. కార్మికుణ్ణి కార్మికుడి మీదికి ఉసికొల్పటానికి ఇంతకంటె చవకైన సాధనం పాలకవర్గానికి దొరకదు. లిండ్నర్‌ను దుర్మార్గుడిగా చిత్రించి చేతులు దులుపుకోకపోవటంలోనే హాన్స్‌బెరీ వాస్తవిక దృష్టి కనబడుతుంది.

లిండ్నర్ భయం అతని బుర్రలో దానంతటది పుట్టింది కాదు. 1933లో ఏర్పడిన ఫెడరల్ గృహరుణ సంస్థ రెండు వందలకు పైగా నగరాల పటాలు తయారు చేయించి, పేటలకు ఎ, బి, సి, డి అని తరగతులిచ్చింది. నల్లవాళ్లుండే పేటలకు దాదాపు ఎక్కడ చూసినా డి తరగతే దక్కింది. పటంలో దాని రంగు ఎరుపు. 1934లో వచ్చిన ఫెడరల్ గృహనిర్మాణ శాఖ కూడా రుణాలకు హామీ ఇవ్వటంలో ఇదే దృష్టిని పాటించింది. పేటలోకి నల్ల కుటుంబం వస్తే అప్పు పుట్టదు, అప్పు పుట్టకపోతే కొనేవాడుండడు, కొనేవాడు లేకపోతే ధర పడిపోతుంది. ఈ విధంగా రాజ్యం ఒక దురభిమానాన్ని లెక్కల పుస్తకంలోకి ఎక్కించి, దాన్ని వాస్తవంగా మార్చింది. నా మేనబావ పట్టికలోని పదికి ఇన్ని మార్కులనే గడిని చూసినప్పుడు నాకు ఈ ఎ, బి, సి, డిలు గుర్తుకు రావటం సహజమే కదా!

ఇదంతా హాన్స్‌బెరీ పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు. 1937లో, ఆమెకు ఏడేళ్ల వయసులో, తండ్రి చికాగోలోని ఒక తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొన్నాడు. నల్లవాళ్లకు అమ్మరాదని ఆ పేట యజమానులు రాసుకున్న ఒప్పందాన్ని చూపి ఆయన్ను ఖాళీ చేయించబోయారు. కుటుంబం మీద మూకలు దాడికి దిగాయి. 1940లో సుప్రీంకోర్టు తండ్రి పక్షానే తీర్పు చెప్పింది గాని, వ్యాజ్యం నడిచిన పద్ధతిలోని లోపాన్ని మాత్రమే ఎత్తి చూపి, అటువంటి ఒప్పందాల జోలికి పోలేదు. వాటిని కోర్టులు అమలు జరపరాదని చెప్పటానికి 1948 దాకా పట్టింది. అంతకు ఒక సంవత్సరం ముందే, 1947లో, న్యూయార్కు సమీపాన లెవిట్‌టౌన్ అనే శివారు పట్టణం మొదలయింది. అమెరికా శివారు జీవితానికి నమూనాగా పేరు పొందిన ఆ పట్టణపు తొలి ఒప్పందాల్లో కకేషియన్ జాతీయులు కానివారు నివసించరాదనే షరతు వుండేది. 1923లోనే భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడి వ్యాజ్యంలో, పౌరసత్వ చట్టం దృష్టిలో భారతీయులు తెల్లవారు కారని అదే సుప్రీంకోర్టు తేల్చింది. కనుక లెవిట్‌టౌన్ గుమ్మం దగ్గర మన తెలుగువాడి స్థానం ఎక్కడో వేరే చెప్పనక్కరలేదు.

నాటకంలో బడి ప్రసక్తి ఎక్కడుంది? మొదటి రంగంలోనే వుంది. ట్రావిస్ బడిలో ఇవ్వటానికి యాభై సెంట్లు కావాలంటాడు. తల్లి లేవంటుంది. తండ్రి భార్య మాట కాదని యాభై సెంట్లూ ఇచ్చి, పైన మరో యాభై ఇస్తాడు. తర్వాత బస్సు ఖర్చులకు ఆ భార్య దగ్గరే చెయ్యి చాస్తాడు. ప్రేక్షకులు నవ్వే సన్నివేశమిది. కాని నాటకం మొత్తానికి బీజం ఇక్కడే వుంది. ఇంటికీ చదువుకూ ఒకే సంచిలోంచి డబ్బు తీయాలి. పదివేల డాలర్లలో ఇంటికెంత, బెనీతా చదువుకెంత అనే పంపకంలో తిరిగి ఇదే ఘర్షణ వస్తుంది. చదువు సొమ్ము పోయింది, ఇల్లు మిగిలింది. పిల్లవాడు ఆ ఇంటి నుంచి ఏ బడికి వెళతాడో చెప్పకుండానే తెర పడుతుంది.

ముగింపును విజయంగా చదివేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. చరిత్ర ఆగలేదు. బడి గుమ్మం దగ్గర జాతిభేదం చెల్లదని 1954లోనే బ్రౌన్ వ్యాజ్యంలో తీర్పు వచ్చింది. అయితే గుమ్మం తెరిచినంత మాత్రాన గీత చెరగలేదు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్, అలామో హైట్స్ అని రెండు బడి జిల్లాలున్నాయి. మొదటిది ఎక్కువగా మెక్సికన్ కార్మికులుండేది, రెండవది తెల్ల సంపన్నులుండేది. బడికి రాబడి ఆ జిల్లాలోని ఇళ్ల మీద, భూముల మీద విధించే పన్ను నుంచి వస్తుంది. 1967–68లో ఎడ్జ్‌వుడ్‌లో ప్రతి నూరు డాలర్ల ఆస్తికి ఒక డాలరు అయిదు సెంట్ల పన్ను కట్టారు. అలామో హైట్స్‌లో కట్టింది ఎనభై అయిదు సెంట్లు. ఎక్కువ రేటున పన్ను కట్టిన ఎడ్జ్‌వుడ్‌కు స్థానికంగా వచ్చింది పిల్లవాడికి 26 డాలర్లు. తక్కువ రేటున కట్టిన అలామో హైట్స్‌కు వచ్చింది 333 డాలర్లు. రాష్ట్ర, ఫెడరల్ సాయం కలుపుకొన్నా ఒకచోట 356, మరొకచోట 594. ఇళ్ల విలువే తక్కువయినప్పుడు ఎంత రేటు వేసినా ఏం రాలుతుంది? ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1973లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, ఇది రాజ్యాంగ విరుద్ధం కాదన్నది. మరుసటి ఏడు, 1974లో, డెట్రాయిట్ వ్యాజ్యంలో అదే అయిదు–నాలుగు మెజారిటీతో ఇంకొక గోడ లేచింది. నగరపు బడుల్లో జాతి విభజనను సరిదిద్దటానికి చుట్టూ వున్న 53 శివారు బడి జిల్లాలను కలపటానికి వీల్లేదు, ఆ జిల్లాలు తప్పు చేసినట్టు రుజువు కాలేదు అన్నారు. శివారు గీతకు ఆ విధంగా చట్టం అండ దొరికింది.

ఇంతటితో, లోపమంతా డబ్బు పంపకంలోనే వుంది, దాన్ని సరిచేస్తే సరి అని మనకనిపించవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. టెక్సస్‌లోనే 1989లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఎడ్జ్‌వుడ్ పక్షాన తీర్పు చెప్పగా, 1993లో సంపన్న బడి జిల్లాల రాబడిలో కొంత పేద జిల్లాలకు మళ్లించే చట్టం వచ్చింది. అది ప్రజలు పోరాడి సాధించుకున్న విజయమే, దాన్ని తక్కువ చేయరాదు. అయినా గీత విలువ పోలేదు. అసలు రహస్యం మరోచోట వుంది. 1999లో సాండ్రా బ్లాక్ అనే ఆర్థికశాస్త్రవేత్త బోస్టన్ శివార్లలోని ఇళ్ల ధరలను ఒక తెలివైన పద్ధతిలో పోల్చింది. ఒకే బడి జిల్లా, ఒకే పన్ను. కాని వీధికి ఇటువైపు పిల్లలు ఒక ప్రాథమిక పాఠశాలకు, అటువైపు పిల్లలు మరొకదానికి వెళతారు. అటువంటి గీతకు ఇరుపక్కలా ఆనుకొని వున్న ఇళ్లను పోల్చగా, పరీక్ష మార్కులు నూటికి అయిదు వంతులు ఎక్కువున్న బడి వైపు ఇంటికి నూటికి రెండున్నర వంతులు అదనంగా చెల్లిస్తున్నారని తేలింది. ఇక్కడ పన్నులో తేడా లేదు, పేటలో తేడా లేదు. అదనపు సొమ్ము దేనికి? మార్కులకు. పరీక్షల మార్కులు తల్లిదండ్రుల ఆదాయాన్నీ చదువునూ ఎంతగా అంటిపెట్టుకొని వుంటాయో ఉపాధ్యాయులమైన మనకు ఒకరు చెప్పాలా? కొనుక్కుంటున్న వస్తువులో ఉపాధ్యాయుడి పనితనం కొంత వుండవచ్చు. అధికభాగం మాత్రం పిల్లవాడి పక్కన బెంచీ మీద కూర్చునేదెవరు అన్నదే.

హాన్స్‌బెరీ తెర దించిన చోటు నుంచి కథ ఎత్తుకున్న నాటకం ఒకటుంది. బ్రూస్ నారిస్ రాసిన ‘క్లైబోర్న్ పార్కు’ 2010లో ప్రదర్శితమై, 2011లో పులిట్జర్ బహుమతి పొందింది. మొదటి అంకం 1959లో, యంగర్లు కొన్న ఆ ఇంట్లోనే, దాన్ని అమ్మిన తెల్ల దంపతుల మధ్య జరుగుతుంది. లిండ్నర్ ఇందులోనూ వస్తాడు. రెండవ అంకం 2009లో అదే ఇంట్లో జరుగుతుంది. తెల్లవాళ్లు ఖాళీ చేసిపోగా నల్లవాళ్ల పేటగా మారిన ఆ చోటికి ఇప్పుడొక తెల్ల జంట తిరిగి వచ్చి, ఆ ఇల్లు పడగొట్టి పెద్దది కట్టుకోవాలనుకుంటుంది. యాభై ఏళ్లలో ఒకే ఇంటి ధర మనుషుల రంగును బట్టి ఎలా పడిలేచిందో చూపటం ఈ నాటకం సాధించిన మేలు. దాని లోపం కూడా చెప్పాలి. రెండవ అంకమంతా పాత్రలు ఒకరినొకరు మాటలతో గాయపరచుకోవటంలో గడిచిపోతుంది. అందరూ సమానంగా సంకుచితులే, అందరూ సమానంగా హాస్యాస్పదులే అనే అభిప్రాయం ప్రేక్షకుడికి మిగులుతుంది. గీత గీసినవాడూ, గీత వల్ల నష్టపోయినవాడూ ఒకే నవ్వులో కలిసిపోతారు. హాన్స్‌బెరీ లిండ్నర్‌కు మర్యాద ఇచ్చింది గాని అతన్నీ లీనానూ ఒకే తక్కెడలో వెయ్యలేదు. శిల్పంలో నారిస్ చతురుడు. జీవితాన్ని అర్థం చేసుకోవటంలో ఆమే ముందున్నది.

నవ్వుకు లొంగని సంఘటన ఒకటి చెబుతాను. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరంలో ఒక నల్లజాతి తల్లి తన ఇద్దరు కూతుళ్లను, తాత చిరునామా రాసి, పక్క శివారు బడి జిల్లాలో చేర్పించింది. చిరునామా తప్పు రాసినందుకు 2011లో ఆమెను నేరస్తురాలిగా తేల్చి జైలులో పెట్టారు. ఆమె తొమ్మిది రోజులు జైలులో వున్నది. అదే సంవత్సరం గవర్నరు ఆ నేరాన్ని చిన్న నేరంగా తగ్గించాడు. ఆమె దొంగిలించింది ఏమిటి? ఫీజు లేని బడిలో రెండు చోట్లు. ఆ బడికి నిజంగా ధర లేకపోతే అది దొంగతనం ఎలా అవుతుంది?

మా మేనబావ దుర్మార్గుడు కాడు. కొడుకు చదువు కోసం ముప్పై ఏళ్ల అప్పు నెత్తికెత్తుకోబోతున్న తండ్రి. అయితే ఆ పేటల్లో ఎక్కడైనా ఇల్లు కొనుక్కునే హక్కు అతనికి ఎలా వచ్చిందో అతని పట్టికలో లేదు. ఆసియావాసులకు తలుపులు తెరిచిన 1965 వలస చట్టం నల్లవాళ్ల పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న రోజుల్లో వచ్చింది. ఇంటి అమ్మకంలో జాతిభేదం చూపరాదన్న 1968 చట్టం మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారంలో సంతకమయింది. లీనా యంగర్ వంటి తల్లులు మోసిన భారం మీద నడిచి మనవాళ్లు ఆ శివార్లకు చేరారు. చేరిన తర్వాత లిండ్నర్ కుర్చీలో కూర్చోవటం న్యాయమేనా?

ఈ ప్రశ్న అమెరికాలోని బంధువులను అడిగి ఊరుకుంటే లాభం లేదు. మన 2009 విద్యాహక్కు చట్టపు నిబంధనలు ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరులో, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్లలో వుండాలన్నాయి. దూరం కొలిచారు, బాగుంది. ఊరు ఒకవైపు, వాడ ఒకవైపు వున్న దేశంలో, హైదరాబాదు శివార్లలో ప్రహరీలు కట్టుకున్న కాలనీలు లేస్తున్న రోజుల్లో, పొరుగు అంటే ఎవరు అన్నది మాత్రం తేలలేదు. ఇళ్లు విడివిడిగా వున్నచోట పొరుగుబడి ఆ విభజనకే ఫలకం కడుతుంది. కనుక పొరుగుబడి అనే మన కోరికకు మూడు మాటలు చేర్చాలి. బడి హద్దు ఊరినీ వాడనూ, కాలనీనీ బస్తీనీ కలుపుతూ గీయాలి. బడి ఖర్చు ఆ పేట సంపద మీద ఆధారపడకూడదు. బడి కోసం పోరాడే సంఘం ఇళ్ల స్థలాల పోరాటానికి దూరంగా వుండకూడదు. ఈ మూడూ లేకుండా గెలిస్తే, మనం గెలుచుకున్న బడికి కూడా రేపు ఎవరో ఒకరు పదికి ఇన్ని మార్కులని చీటీ అతికిస్తారు.

మేనబావకు నేను జవాబు రాశాను. పేటలను గురించి నాకు తెలియదని ఒప్పుకున్నాను. అక్కడ కొత్త బడి కట్టినప్పుడు హద్దులు మార్చటానికి బడి బోర్డు బహిరంగ సభ పెడుతుందనీ, నివాసులెవరైనా లేచి మాట్లాడవచ్చుననీ విన్నాను. అవతలి వీధి పిల్లలను మీ బడిలో కలపాలని ప్రతిపాదన వచ్చిన రోజున, ఇంటి ధర పడిపోతుందని పక్కింటివాళ్లు కాగితం మీద సంతకం అడిగిన రోజున, నువ్వు ఏం చేస్తావో ఇల్లు కొనేముందే ఆలోచించుకొమ్మని రాశాను. దానితోపాటు హాన్స్‌బెరీ నాటకం కూడా పంపాను.